థర్మాకోల్ తామర

“ఎవుడో ఒకడు ఆ ఫోన్లో నుంచి చెయ్యి బయటికి పెట్టి నా కూతుర్ని లోపలికి లాక్కుంటాడు. చూస్తా ఉండు.”

నళిని ఈ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. బొమ్మనహళ్ళిలో, హోసూరు రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న తమ అంగట్లో ఆమె భర్త గిరీష్ ఎవరికో నల్ల ఎలాస్టిక్ కొలిచి ఇస్తున్నాడు. గుండీలు, జిప్పులు, దారపు కండెలు, లైనింగ్ గుడ్డ, కుట్టుపని చేసుకునేవాళ్ళకు కావలసినవన్నీ ఆ అంగట్లో దొరుకుతాయి. నళిని భయాలకు మందు మాత్రం దొరకదు.

“అంత చిన్న ఫోన్లో చెయ్యి యాడ పడతాదే?” అన్నాడు గిరీష్, ఎలాస్టిక్ మీంచి చూపు ఎత్తకుండా.

“నవ్వు, నవ్వు. నవ్వినోళ్ళ ఇండ్లలోనే అయ్యేది.”

నళినికి భయపడడం ఒక ఉద్యోగం. దానికి సెలవు లేదు, రిటైర్మెంటు లేదు. గ్యాసు వాసన వస్తే సిలిండర్ పేలుతుందని భయం, రాకపోతే తన ముక్కు చెడిపోయిందేమోనని భయం. ఎస్సెస్సెల్సీ రెండో దఫాలో గట్టెక్కిన చదువు ఆమెది. ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. కానీ చెడ్డ వార్త ఏ భాషలో ఉన్నా, ఏ మూల ఉన్నా, చీమ బెల్లాన్ని పట్టినట్టు పట్టేస్తుంది. ఫోన్లో స్నేహం చేసి ఎత్తుకుపోయారు, ఫోటోలు పంపించుకుని బెదిరించారు, ఆటలాడుతూ పిచ్చెక్కింది. ఇలాంటివన్నీ ఆమెకు కంఠస్థం. ఇంట్లో పద్నాలుగేళ్ళ కూతురు భవ్య. ఇంకేం కావాలి?

ఇంత జాగ్రత్త గల మనిషి ఆ వేసవిలోనే చేసిన ఘనకార్యం ఒకటుంది. భవ్యకు ఓణీల ఫంక్షన్.

ఫంక్షన్ పేరుకు వీళ్ళది, పెత్తనం మాత్రం గిరీష్ అక్క సత్యభామది. ఆమె బ్రూక్‌ఫీల్డ్‌లో పెద్ద ఫ్లాట్‌లో ఉంటుంది. ‘సత్యక్క సంబరాలు’ అని ఒక ఛానల్ పెట్టింది. వంకాయ కూర చేసినా వీడియోయే, వంకాయ పుచ్చిపోయినా వీడియోయే. తన ఇంట్లో ఆడపిల్ల లేదు కాబట్టి తమ్ముడి కూతురిని వాడుకుంది. చౌల్ట్రీలో స్టేజీ మీద మనిషంత ఎత్తు థర్మాకోల్ తామరపువ్వు పెట్టించింది. మోటారు తిప్పితే రేకులు విచ్చుకోవాలి, పొగల్లోంచి భవ్య లేచి నిలబడాలి, పైనుంచి పూలు రాలాలి. రేకులు సగం విచ్చుకుని ఇరుక్కుపోయాయి. పొగ మాత్రం ఆగలేదు. లోపలున్న పిల్ల దగ్గుతూ, కిరీటం ఒక చెవి మీదికి జారిపోయి, రెండు చేతులతో రేకును తోస్తుంటే గిరీష్ ఎక్కి దాన్ని విరిచి బయటికి లాగాడు. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టి, అన్నాలు తిని, పిల్ల గురించి కంటే బీడా గురించి ఎక్కువ మాట్లాడి వెళ్ళిపోయారు.

ఆ వీడియో సత్యభామ ఛానల్లో వచ్చింది. కింద పిల్ల పేరు, క్లాసు, స్కూలు పేరు, ‘మా మేనకోడలు పెద్దమనిషైన శుభవేళ’ అని గులాబీ రంగు అక్షరాలు.

అప్పుడు నళినికి ఒక భయం పట్టుకుంది. తమ వాళ్ళల్లో ఇలాంటి శుభానికి ఒక్క ఇంటికి పిలుపు అందకపోయినా మాట వస్తుంది. పిలుపు అందని ఆ ఇంటివాళ్ళ కన్ను పిల్లకు తగులుతుందని అంటారు. ఎవరిని మరిచిపోయిందో ఆమెకే తెలియదు. “దానికెందుకే బేజారు? లింకు అందరికీ పంపించెయ్, ఆశీర్వాదం చెయ్యండని రాయి. పిలిచినట్టే లెక్క,” అని సత్యభామ సలహా ఇచ్చింది. నళిని పంపించేసింది. చుట్టాల గ్రూపుకు, పాలవాడి గ్రూపుకు, గ్యాసు ఏజెన్సీ గ్రూపుకు, భవ్య క్లాసు తల్లుల గ్రూపుకు. ఒక్కరి కన్ను తగలకూడదని ఊరందరి కళ్ళకూ బిడ్డను చూపించి, గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకుంది.

ఆ తర్వాతే ఫోన్లోంచి వచ్చే చెయ్యి గురించి భయపడడం మొదలుపెట్టింది.

స్కూళ్ళు తెరిచాక భవ్య మారిపోయింది. మొదట కడుపునొప్పి అంది. తర్వాత తలనొప్పి. ఆ తర్వాత నొప్పుల పేర్లు చెప్పడం కూడా మానేసింది. స్కూలు నుంచి రాగానే గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకునేది. పలకరిస్తే దుప్పటి ఇంకొంచెం పైకి లాక్కునేది. జడ వేస్తానంటే తల పక్కకు తిప్పేది. చిత్రాన్నం అంటే ప్రాణం పెట్టే పిల్ల పళ్ళెంలో వేళ్ళు తిప్పి లేచిపోయేది. చివరికి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడని రోజులు వచ్చాయి.

“వాడెవుడో దొరికినాడు,” అని తేల్చింది నళిని. “చెప్పినానా లేదా?”

“ఎవుడే?”

“ఎవుడో నాకేం తెలుసు? ఫోన్లో ఉండేటోడు.”

ఇక మొదలైంది సోదా. ఫోన్ లాక్కుంది. బియ్యం డ్రమ్ములో దాచింది. తీసి వెతికింది, మళ్ళీ దాచింది. ఫోన్లు రిపేరు చేసే బసవరాజు దగ్గరకు తీసుకెళ్ళి పిల్ల ఇంతకుముందు చూసినవన్నీ తన ఫోన్లో కనబడేలా ఏదో వేయించుకుంది. కనబడ్డాయి. బొమ్మలు గీయడం నేర్పే వీడియోలు, లెక్కలు, ఒక పిల్లి. నళిని ఆ పిల్లిని కూడా అనుమానించింది. బాత్రూమ్ తలుపు గడియ ఊడబీకించింది. లోపల ఎక్కువసేపు ఉంటే ఏం చేసుకుంటుందోనని ఆమె గుండె ఆగిపోతోంది మరి. గడియ లేని తలుపును ఒక చేత్తో పట్టుకుని స్నానం చేసే పిల్ల గుండె ఎలా ఉంటుందో ఆమె అనుకోలేదు. “నా కోసం కాదు, నీ మంచికే అమ్మణ్ణీ,” అనేది తలుపు బయట నిలబడి.

ఆ మధ్యలోనే స్కూల్లో తల్లిదండ్రులకు ఒక మీటింగు పెట్టారు. పిల్లల మనసు, ఆన్‌లైన్ భద్రత అని. చాందిని అని ఒక కౌన్సెలర్ వచ్చింది. మంచి కాటన్ చీర, పెద్ద బొట్టు, చెవికి తగిలించుకున్న మైకు. తెర మీద ఒక బొమ్మ వేసింది. అందులో అమ్మా నాన్నా పిల్లలూ బల్ల చుట్టూ కూర్చుని ఆకులు తింటూ పగలబడి నవ్వుతున్నారు.

“మీ టీనేజర్‌కి మీరు బెస్ట్ ఫ్రెండ్ కావాలి. ఓపెన్ కమ్యూనికేషన్. నో జడ్జ్‌మెంట్. వాళ్ళ స్పేస్‌ని రెస్పెక్ట్ చేయండి,” అంది.

“ఫ్రెండ్సు వాళ్ళకు ఉండనే ఉండారు. మనం కన్నది ఇంకేంటికి?” అని గొణిగింది నళిని.

పక్కనున్న తల్లులు తలలు ఊపుతున్నారు. తల ఊపుతూనే తెర మీది బొమ్మను ఫోటో తీసి గ్రూపులో పెడుతున్నారు. భవ్య క్లాసులోనే చదివే అభిజిత్ తల్లి, తల్లుల వెంట వచ్చిన పిల్లల ఫోటో కూడా తీసి, వాళ్ళను అడగకుండా, ‘అవర్ ఫ్యూచర్’ అని పెట్టేసింది. దేని గురించి మీటింగో తెలిసీ ఆ పని చేయాలంటే చాలా చదువుకుని ఉండాలి. చాందిని మేడం అది చూసి నవ్వి, ఆ ఫోటో తనకూ పంపమంది.

నళిని లేచి వచ్చేసింది. ఆకులు తినే కుటుంబం తనకు దారి చూపించేలా లేదు.

దారి చూపించింది జరీనా. భవ్య క్లాసే, వెనక వీధిలో ఉంటుంది. ఒక సాయంత్రం భవ్యకు నోట్సు ఇవ్వడానికి అంగడికి వస్తే నళిని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని జిప్పుల పెట్టెల వెనక్కి లాక్కెళ్ళింది.

“నిజం చెప్పు పాపా. ఎవురు వాడు?”

“ఎవరు ఆంటీ?”

“మా భవ్యను చెడగొడతా ఉండేటోడు.”

జరీనా ఆమె ముఖం వైపు చూసింది. పెద్దవాళ్ళు ఇంత తెలివితక్కువగా ఉంటారని పద్నాలుగేళ్ళకే తెలియడం మంచిది కాదు. కానీ తెలిసిపోయినట్టు ఉంది ఆ చూపు.

“ఎవరూ లేరు ఆంటీ. ఆ వీడియో... మీకు తెలీదా?”

“ఏ వీడియో?”

“తామర పువ్వుది. మీరే కదా ఆంటీ గ్రూపులో పంపినారు?”

నళిని చెయ్యి వదిలేసింది. జరీనా మెల్లగా చెప్పింది. అభిజిత్ తన అమ్మ ఫోన్లోంచి ఆ వీడియో తీసుకున్నాడు. పిల్ల దగ్గుతూ, కిరీటం జారిపోతూ, రేకును తోసే ముక్క కోశాడు. దానికి ‘కొత్త మోడల్ మార్కెట్లోకి వచ్చేసింది’ అని కారు ప్రకటనలాంటి గొంతు అతికించాడు. క్లాసంతా చూసింది. పక్క సెక్షన్లు చూశాయి. ఆ ఫంక్షన్ ఎందుకు చేస్తారో తెలియనివాళ్ళకు తెలిసినవాళ్ళు చెప్పారు. ఇప్పుడు ఫోన్లు కూడా అక్కర్లేదు. భవ్య క్లాసులోకి రాగానే మగపిల్లలు రెండు చేతులు దగ్గరికి చేర్చి, మొగ్గలా పట్టి, మెల్లగా సగం విప్పి ఆపేస్తారు. చప్పుడు ఉండదు. టీచరు తిరిగేలోపు చేతులు బల్ల మీద ఉంటాయి.

“ఇట్ల,” అని జరీనా తన చేతులు కలిపి సగం విప్పి చూపించింది. వెంటనే సిగ్గుపడి వెనక్కి దాచుకుంది.

“మాకు ఒక్క మాట చెప్పలేదే?”

“నేను చెప్తానన్నాను ఆంటీ. వద్దంది. చెప్తే మీరు మళ్ళీ గ్రూపులో పెడతారంట.”

బియ్యం డ్రమ్ములో ఫోన్ను పూడ్చిపెట్టి ఇల్లంతా కాపలా కాసిన మనిషి, జిప్పుల పెట్టె మీద కూలబడింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం సామెతల్లోనే ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకుంది. గిరీష్ వచ్చి “ఏమైందే?” అన్నాడు. చెప్పింది.

“ఇంతేనా? పిల్లోళ్ళు. కొన్నాళ్ళు గలాటా చేసి మరిచిపోతారు లే,” అన్నాడు.

“నువ్వు రేకు విరిచిన మొగోడివి కదప్పా, నీకు అట్లనే ఉంటాది,” అని నళిని చెప్పులు వేసుకుంది. మర్నాడు పొద్దున్నే బ్రూక్‌ఫీల్డ్ బస్సెక్కింది.

సత్యభామ వంటింట్లో గుండ్రటి దీపం వెలుగుతోంది. స్టాండ్ మీద ఫోన్, గట్టు మీద సీసాల వరుస, ఆమె ఒంటి మీద పట్టుచీర. ఉదయం పదకొండింటికి వంటింట్లో పట్టుచీర కట్టుకున్నవాళ్ళు వంట చేయడం లేదని అర్థం.

“ఏమ్మే నళినీ, చెప్పాపెట్టకుండా! ఆ పక్కకు జరుగు, నీ చీర ఫ్రేములో పడతా ఉండాది.”

“వదినా, ఆ వీడియో తీసెయ్.”

“ఏది?”

“మా పాపది.”

“పిచ్చిదానా! నా ఛానల్లో బాగా పోయింది అదొక్కటే. మూడు లక్షల మంది చూసినారు మన భవ్యను!”

“అదే చెప్తా ఉండేది. స్కూల్లో పిల్లోళ్ళు నవ్వతా ఉండారు.”

“నవ్వితే ఏం? నవ్వినా వ్యూసే.”

“పాప అన్నం తినదు. మాట్లాడదు. గోడకు తిరుక్కొని పడుకుంటాది వదినా. నాకు దిగులుగా ఉండాది.”

సత్యభామ కళ్ళు మెరిశాయి. “దిష్టి! నేను అనుకుంటానే ఉన్నా. ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు తిప్పి నిప్పుల్లో వెయ్యల్ల. ఒక పని చెయ్, ఆదివారం భవ్యను ఇక్కడికి తీసుకునిరా. దిష్టి ఎట్ల తియ్యల్లో దాని మీదనే ఒక వీడియో చేద్దాం. పాత దానికి రెండో భాగం మాదిరి.”

నళిని ఆ ముఖాన్ని చూసింది. ఇంత మెత్తటి పౌడరు కింద ఇంత మందపాటి చర్మం ఉంటుందని ఆమె ఊహించలేదు. ఈ మనిషికి ఇన్నేళ్ళూ వంగి వంగి కాఫీ ఇచ్చింది. ఈమె ఏమంటుందోనని చీర రంగు మార్చుకుంది. ఈమె చెప్పిందనే తన బిడ్డను థర్మాకోల్లో కుక్కింది.

నళిని వెళ్ళి, సరిగ్గా కెమెరా ఎదురుగా, గట్టుకు ఆనుకుని నిలబడింది.

“ఏయ్, జరుగు ఆడి నుంచి. ఇప్పుడు లైవ్ పోయేదుండాది నాకు.”

“పో వదినా. నేను కూడా వస్తా. ఈ సీసాల్లో ఉండే గోంగూర, మాగాయి, ఉసిరికాయ... మా అత్తగారి చేతి రుచి అని చెప్తావే, అవి అత్తిబెలె అంగట్లో కొని బస్సులో మోసుకునొచ్చింది నేనే కదా? లేబుల్ గీకింది కూడా నేనే. అది చెప్తా నీ మూడు లక్షల మందికి.”

“నోరు మూసుకుని సుమ్నే ఉండు నళినీ!”

“సుమ్నే ఉండే కదా ఇంతవరకు వచ్చింది.”

సత్యభామ సీసాల వైపు చూసింది. ఒక ఆడపిల్ల అన్నం మానేసిందంటే కదలని చెయ్యి, పచ్చడి పరువు పోతుందనగానే చకచకా కదిలింది. స్టాండ్ మీంచి ఫోన్ తీసింది, నొక్కింది, మళ్ళీ నొక్కింది. “పో, తీసేసినా. చూసుకో. మూడు లక్షలు!” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ నీళ్ళు నిజమైనవే. వ్యూస్ కోసం ఆమె నిజంగానే ఏడ్చింది.

నళిని గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అంది: “నేను తీసేసినా. నువ్వు పంచింది నువ్వే ఏరుకో.”

పనికిమాలిన మనిషి నోటి నుంచి కూడా ఒక్కోసారి పనికొచ్చే మాట రాలుతుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నళిని తల్లుల గ్రూపు తెరిచింది. ఆ గ్రూపులో ఎవరికీ సొంత పేర్లు లేవు. అభిజిత్ మామ్, అర్చన మామ్, చేతన్ మామ్. పైకి పైకి జరిపితే మే నెలలో తను పంపిన లింకు కనబడింది. కింద వరుసగా దండాలు, గుండెలు. అభిజిత్ మామ్ ‘సో క్యూట్’ అని రాసింది. లింకు నొక్కితే ఇప్పుడు ఏమీ రాలేదు. కానీ ఆ ముక్క కోసినవాళ్ళ ఇళ్ళల్లో అది ఉంది, ఉంటుంది. ఇక్కడ తను చెరిపితే తన దగ్గర మాత్రమే చెరుగుతుంది. అందరి దగ్గరా చెరిపే గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆ రోజు భవ్య స్కూలుకు పోలేదు. గది తలుపు ఓరగా వేసి ఉంది. నళిని వంటింట్లో నిలబడి, గ్రూపు తెరిచి, మైకు గుర్తు నొక్కిపట్టి పైకి జరిపింది. ఇక వేలు తీసినా రికార్డవుతుందని గిరీష్ ఎప్పుడో నేర్పాడు. రాయడం ఆమెకు రాదు. తిట్టడం వచ్చు.

“అందరికీ నమస్కారం. నేను భవ్య అమ్మను మాట్లాడేది. మీ పిల్లోళ్ళకు దేవుడు చేతులిచ్చింది ఒక ఆడపిల్ల ముఖం మీద పువ్వులు విప్పేదానికా? అభిజిత్ వాళ్ళమ్మా, క్యూట్ అని రాస్తివే, ఆ క్యూటును నీ ఇంట్లోనే కోసి, నీ ఫోన్లోంచే పంచినారు, నీకు తెలుసునా? మీటింగుల్లో తలకాయలు ఊపేది కాదు, ఇంటికి పోయి మీ కొడుకుల చేతులు చూడండి. తెలిసి కూడా ఊరుకున్నోళ్ళు ఉండారే, మీరు వాళ్ళకంటే పెద్ద...”

అలా చాలాసేపు సాగింది. కన్నడంలోకి వెళ్ళి, తెలుగులోకి వచ్చి, ఒక చోట ఏడుపు వచ్చి, ఏడుపును మింగి మళ్ళీ తిట్టింది. జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆపింది. తెర మీద సన్నటి గీతలుగా ఆమె గొంతు నిలబడి ఉంది. పక్కన బాణం గుర్తు. నొక్కితే ఆ తల్లులందరి చెవుల్లో పడుతుంది.

వేలు బాణం దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

ఇదే గ్రూపు. ఇదే వేలు. మళ్ళీ భవ్య పేరే. మే నెలలో కూడా ఇలాగే నిలబడింది, ఇదంతా పిల్ల మంచికే అనుకుంటూ.

చెప్తే మీరు మళ్ళీ గ్రూపులో పెడతారంట.

నళిని ఫోన్ పట్టుకుని గది దగ్గరకు వెళ్ళింది. తలుపు తొయ్యలేదు. గడప ఇవతల నేల మీద కూర్చుంది. మంచం మీద దుప్పటి, దుప్పట్లో భవ్య వీపు.

“మీ అత్త ఆ వీడియో తీసేసింది,” అంది.

దుప్పటి కదలలేదు.

“గ్రూపులో పంపించింది నేను. ఎవురికీ పిలుపు తప్పిపోకూడదని పంపినా. నిన్ను అడగల్లని నాకు తోచలేదు.”

నళిని ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది.

“ఇప్పుడు ఆ తల్లులను తిట్టి ఇందులో మాట్లాడినా. బాగా తిట్టినా. ఇంకా పంపలేదు. పంపమంటే పంపుతా. వద్దంటే చెరిపేస్తా. స్కూలుకు వచ్చి మాట్లాడమన్నా వస్తా, రావద్దంటే రాను. ఏం చెయ్యల్లో నువ్వు చెప్పు.”

తర్వాత ఆమె నోరు మూసుకుంది. ఇది ఆమెకు చేతకాని పని. పక్కింట్లో కుక్కరు కూసింది. ఇంటి కింద అంగట్లో గిరీష్ ఎవరితోనో బేరమాడడం వినిపించింది. రోడ్డు మీద బస్సు బ్రేకు వేసింది. నోటి దాకా వచ్చిన ‘విన్నావా?’ను మింగింది. ‘అన్నం తింటావా?’ను మింగింది. ‘ఏమన్నా చేసుకుంటావేమో అని భయమే’ అన్నదాన్ని మింగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. ఫోను వెలుగు మసకబారి ఆరిపోతే బొటనవేలితో తాకి మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరింది. మళ్ళీ వెలిగించింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. కిటికీలోంచి పడిన ఎండ మంచం కోడు దగ్గర నుంచి గోడ మీదికి పాకింది.

దుప్పటి కొంచెం కిందికి జారింది. భవ్య ఇటు తిరగలేదు. చాలా రోజులు వాడని గొంతు, గరగరలాడుతూ వచ్చింది.

“ముందు నాకు వినిపించు.”